ఎర్రగీతలూ, పచ్చగీతలూ

నవల వస్తే విమర్శ రాస్తారు. కథల సంపుటి వస్తే రాస్తారు. సినిమా సంగతి చెప్పనే అక్కర్లేదు, విడుదల కాకముందే రాసేస్తారు. కానీ మన ఇళ్లలో పెద్దా చిన్నా అందరూ రోజుకి ఒక్కసారయినా తెరిచి చదివే రచన ఒకటుంది. దాని గుణదోషాల గురించి సాహిత్యపు పేజీల్లో ఎవరూ మాట్లాడుకోగా నేను చూడలేదు. సెల్‌ఫోనులో కనిపించే దారి పటం సంగతి చెబుతున్నాను. పచ్చగీతలు, నారింజ గీతలు, ఎర్రగీతలు, మరీ ఎర్రబడి నల్లబారిన గీతలు. రోడ్డు ఖాళీగా ఉందా, కిటకిటలాడుతోందా అని చెప్పే ఆ రంగుల పటం.

"అదీ ఒక రచనేనా?" అని మీరు నవ్వితే నేనేమీ నొచ్చుకోను. ఒక్కసారి ఆలోచించి చూడండి. దానికొక వస్తువుంది, ఊరు. దానికొక కాలం ఉంది, ఈ క్షణం. ఉత్కంఠకయితే కొదవే లేదు. పన్నెండు నిమిషాల్లో చేరతావని చెప్పి, చూస్తూండగానే దాన్ని పద్నాలుగు చేసి, మళ్లీ పదకొండుకి దించి, సీరియళ్లు రాసే మాబోటివాళ్లకి కూడా చేతకానంత బిగువు చూపిస్తుంది. ఇక పాఠకులంటారా, ఏ రచయితకీ కలలో కూడా రానంతమంది. అంతమంది నమ్మి చదివే రచనని విమర్శ లేకుండా వదిలెయ్యటం న్యాయం కాదు. అందుకని ఆ పనికి నేను పూనుకున్నాను. పరీక్షకి ఎంచుకున్న చోటు హైదరాబాదు పాతబస్తీ. బంగారాన్ని గీటురాయి మీద గీసి చూడాలి గాని పట్టుగుడ్డ మీద గీస్తే ఏం తెలుస్తుంది? వెడల్పాటి కొత్త రోడ్ల మీద ఏ పటమయినా బాగానే ఉంటుంది. గల్లీలోంచి గల్లీ, ఆ గల్లీలోంచి ఇంకో సందు పుట్టే చోట దాని పస తేలుతుంది.

ముందు రచయిత ఎవరో తేల్చుకోవాలి. ఈ పటానికి ఎవరో ఒక ఇంజనీరు గదిలో కూర్చుని రంగులేసి పంపటం లేదు. రోడ్డు మీద వెళ్లేవాళ్లే దాన్ని రాస్తున్నారు. జేబులోనో, హ్యాండ్‌బ్యాగులోనో, కారులో స్టీరింగు పక్కనో ఉన్న ఫోను, ఉపగ్రహాల సాయంతో తానెక్కడుందో, ఎంత వేగంగా కదులుతోందో తెలుసుకుని, మనం అనుమతిచ్చి ఉంటే ఆ కబురు కంపెనీకి పంపుతూ ఉంటుంది. అలాంటి కబుర్లన్నీ పోగుచేసి, ఆ రోడ్డు మీద మామూలుగా ఉండే వేగంతో పోల్చి, రంగు నిర్ణయిస్తారు. మన ఇళ్లలో అన్నం ఉడికిందో లేదో చూడటానికి గిన్నె అంతా వెతకం కదా! ఒక్క మెతుకు పట్టుకు చూస్తాం. ఇదీ అంతే. నాలుగు బండ్ల నడక చూసి రోడ్డంతా ఎలా ఉందో చెబుతుంది.

ఈ ఆలోచన పుట్టి మరీ ఎక్కువ కాలం కాలేదు. కార్లలో పెట్టుకునే తొలినాటి దారి చూపే యంత్రాలు తామెక్కడున్నామో తెలుసుకునేవే గాని, తిరిగి ఎవరికీ ఏమీ చెప్పేవి కావు. 2007లో టామ్‌టామ్ అనే కంపెనీ నెదర్లాండ్స్‌లో సెల్‌ఫోన్ల కదలికల్ని బట్టి ట్రాఫిక్ లెక్క కట్టటం మొదలుపెట్టింది. 2008లో అమెరికాలో డాష్ ఎక్స్‌ప్రెస్ అనే పరికరం అమ్మకానికొచ్చింది. అది కారులో కూర్చుని తన వేగం సంగతి కంపెనీకి చేరవేసేది, మిగతా కార్ల సంగతి తెచ్చి మనకి చెప్పేది. ఆలోచన మంచిదే. అయితే ఇలాంటి వ్యాపారానికి చిట్టీల వ్యాపారానికున్న చిక్కే ఉంది. సభ్యులు చాలినంతమంది చేరితేగాని చిట్టీ నడవదు, నడిస్తేగాని సభ్యులు చేరరు. 2009లో ఆ కంపెనీని బ్లాక్‌బెర్రీ ఫోన్లవాళ్లు కొనేశారు. అదే ఏడు గూగుల్ కంపెనీ, ప్రత్యేకంగా ఏ పరికరమూ కొనక్కర్లేదు, మీ చేతిలో ఉన్న ఫోనే చాలు అంటూ ఈ పని అందుకుంది. చిట్టీకి సభ్యుల కరువు తీరిపోయింది. 2012లో మన దేశంలో ఆరు నగరాలకి ఈ రంగుల గీతలు వచ్చాయి. ఆ ఆరింటిలో హైదరాబాదు ఒకటి.

ఇక గుణాలు చెప్పుకుందాం. దోషాలతో మొదలుపెట్టే విమర్శకులంటే నాకు పడదు.

మొదటి గుణం, దీనికి రచయిత అహంకారం లేదు. రోకటి పాట ఎవరు కట్టారంటే ఏం చెబుతాం? ఒకామె ఒక చరణం అంది, పక్కామె ఇంకోటి అందుకుంది. ఎవరి పేరూ మిగల్లేదు గాని పాట మిగిలింది. ఈ పటమూ అలాంటిదే. నయాపూల్ మీద ఇరుక్కుపోయిన అజ్ఞాత వ్యక్తి ఒకడు, తనకి తెలియకుండానే, వెనకాల వచ్చేవాళ్లకి "ఇటు రాకండి" అని ఒక ముక్క రాసి పెట్టాడు. తాను పడ్డ అవస్థ ఇంకొకరికి ఉపకారమయింది. మన నవలల్లో ఎన్నింటి గురించి ఈ మాట అనగలం చెప్పండి?

రెండో గుణం, ఇది మనకి కాలం మీద కాస్త పట్టు ఇచ్చింది. ఆఫీసు నుంచి బయల్దేరి, బడి నుంచి పిల్లని తీసుకుని, మందుల షాపులో ఆగి, పొయ్యి వెలిగించే వేళకి ఇల్లు చేరాల్సిన స్త్రీకి ఇరవై నిమిషాలంటే ఎంతో నేను చెప్పక్కర్లేదు. ఇప్పుడు బయల్దేరాలా, పావుగంట ఆగాలా అన్నది ఆమె ఇతరుల్ని అడక్కుండా తేల్చుకోగలుగుతోంది. ఇది చిన్న స్వాతంత్య్రమే కావచ్చు. చిన్న స్వాతంత్య్రాలతోనే కదా రోజు గడిచేది.

మూడోది, ఊరికి కూడా దీనివల్ల మేలు జరిగే దారులున్నాయి. ఈ కదలికల లెక్కల్ని బట్టి ఏ కూడలిలో ఎర్రదీపం ఎంతసేపు ఉండాలో పోలీసులకి సలహా చెప్పే పథకం ఒకటి గూగుల్ పెట్టింది. పేరు గ్రీన్ లైట్. 2023 అక్టోబరులో వాళ్లు ప్రకటించిన పన్నెండు నగరాల జాబితాలో హైదరాబాదు కూడా ఉంది. కూడళ్ల దగ్గర బండ్లు ఆగి ఆగి వెళ్లటం నూటికి ముప్ఫై వంతుల దాకా తగ్గించవచ్చని వాళ్ల అంచనా. పొగ ఆ మేరకు తగ్గితే ఎవరికి చేదు?

గుణాలు ఒప్పుకున్నాక, పాతబస్తీలోకి నడుద్దాం.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినారు కట్టించినప్పుడు ఈ ఊరికి రెండే గీతలు ముఖ్యం. ఉత్తరం నుంచి దక్షిణానికొకటి, తూర్పు నుంచి పడమటికొకటి. రెండూ కలిసే చోట నాలుగు మినార్లు. కాస్త ఉత్తరాన నాలుగు కమాన్లు, వాటి నడుమ గుల్జార్ హౌజ్ అనే నీటి తొట్టి. ఈనాటికీ బండ్లు దాని చుట్టూ తిరిగి వెళ్లాల్సిందే. ఇంత తీరుగా మొదలైన ఊరు తరవాత మనుషులు కాపురాలు చేసినకొద్దీ మనుషుల్లాగే మెలికలు తిరిగింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరిని ముంచేసింది. ఆ తరవాత నిజాం ప్రభుత్వం నగరాన్ని కొలిపించింది. లెనార్డ్ మన్ అనే ఇంజనీరు ఆధ్వర్యాన 1912 నుంచి 1915 దాకా తయారైన ఆ పటాలు ఎనిమిది వందలకి పైమాటే. యాభై అడుగుల నేలని ఒక్క అంగుళంలో చూపించేంత వివరంగా గీశారు. ఏ ఇంటి గోడ ఎక్కడ మలుపు తిరిగిందో, బావి ఎక్కడుందో వాటిల్లో ఉంది.

ఈ రెండు పటాల్నీ పక్కపక్కన పెట్టి చదివితే విమర్శకి కావలసిన సరుకంతా దొరుకుతుంది. మన్ గారి పటానికి ఇల్లు తెలుసు, వేళ తెలియదు. ఫోనులోని పటానికి వేళ తెలుసు, ఇల్లు తెలియదు. అది ఊరిని కాపురముండే చోటుగా చూసింది. ఇది దాటిపోవలసిన చోటుగా చూస్తోంది. వచ్చిన చిక్కల్లా ఇక్కడే.

మొదటి దోషం: ఈ రచనకి ఒకటే రసం తెలుసు. అది వేగం. తొందరగా వెళ్లగలిగితే పచ్చ, లేకపోతే ఎరుపు. పచ్చ మంచిది, ఎరుపు చెడ్డది. రంజాను నెల రాత్రి వేళ చార్మినారు చుట్టుపక్కల పటం తీసి చూడండి, కుంకుమ ఒలికినట్టుంటుంది. పటం దృష్టిలో అది జబ్బు. లాడ్ బజారులో గాజులమ్మే అతన్ని అడగండి, అది పంట! ఏడాది పొడుగునా కొలిమి ముందు కూర్చుని లక్క కరిగించి, వేడి మీద రాళ్లు అద్దిన చేతులకి ఆ నెల రోజుల్లోనే కూలి గిట్టుబాటయ్యేది. ఆ లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. జనం నిదానంగా నడిస్తేనే, ఆగితేనే, "ఇంకో రంగు చూపించు భాయ్" అంటేనే ఆ బజారుకి బతుకు. పెళ్లి గాజులకని వచ్చిన నలుగురు ఆడవాళ్లు కొట్టు ముందు గంటసేపు నిలబడి, చేతులు చాపి, ఒప్పుకుని, మళ్లీ మానుకుని, చివరికి మొదట చూసినవే తీసుకునే ఆ సుఖాన్ని ఏ రంగుతో చూపిస్తారు? ఒక పాత్రకి నష్టమైనది ఇంకో పాత్రకి లాభమవుతుందని తెలియని రచయితని మనం పచ్చి రచయిత అంటాం. ఈ పటం కూడా ఇంకా ఆ పచ్చిదశలోనే ఉంది.

పైగా ఎరుపుకి కారణం చెప్పటంలో ఇది చాలా పొదుపరి. ప్రమాదం జరిగిందనో, రోడ్డు మూశారనో ఎవరైనా తెలియజేస్తే చిన్న గుర్తు వేస్తుంది. అంతకుమించి ఎరగదు. ఆషాఢంలో బోనాలకి అక్కన్న మాదన్న గుడి ఘటం ఊరేగింపు వస్తుంది. మొహర్రం పదో రోజున డబీర్‌పురా నుంచి బీబీ కా అలం బయల్దేరుతుంది. వినాయక నిమజ్జనం నాడు బాలాపూర్ నుంచి చార్మినారు మీదుగా హుస్సేన్‌సాగర్ దాకా ఊరేగింపు సాగుతుంది. ఒక దాంట్లో పసుపు నీళ్లు, ఒక దాంట్లో కన్నీళ్లు, ఒక దాంట్లో రంగులు. పటానికి మూడూ ఒకటే ఎర్రగీత. ఘటాన్నీ అలాన్నీ మోసేది ఏనుగు. ఏనుగు దగ్గర ఫోను ఉండదు, ఇంకేం చేస్తుంది పాపం!

ఇది నా చమత్కారమని కొట్టిపారెయ్యకండి. 2020 ఫిబ్రవరిలో బెర్లిన్‌లో సైమన్ వెకర్ట్ అనే కళాకారుడు చేసిన పని బయటికొచ్చింది. తొంభై తొమ్మిది సెల్‌ఫోన్లు పిల్లల ఆటబండి లాంటి ఎర్రటి తోపుడు బండిలో వేసుకుని ఖాళీ వీధిలో నింపాదిగా లాక్కుంటూ నడిచాడు. గూగుల్ పటంలో ఆ వీధి ఎర్రబడిపోయింది! అక్కడ కారన్నది లేదు. ఫోన్లున్నాయి, నిదానం ఉంది, అంతే. దాని మీద కంపెనీ కూడా సరసంగానే జవాబిచ్చింది. ఇండియా, ఇండొనేషియా, ఈజిప్టు లాంటి దేశాల్లో కారునీ మోటారు సైకిలునీ వేరుగా గుర్తుపట్టటం నేర్చుకున్నాం గాని తోపుడు బండి సంగతి ఇంకా తేల్చుకోలేదన్నారు. ఆ మాట చదివి నేను మన తోపుడు బండ్ల గురించి ఆలోచనలో పడ్డాను. జామకాయల బండి, బొప్పాయి బండి, పాత సామాన్ల బండి, వాటిని తోసేవాళ్లు ఈ రచనలో ఎక్కడున్నారు?

రెండో దోషం అదే: రచయితల్లో కొందరు లేకపోవటం. అందరూ కలిసి రాసిన పటం అంటున్నాం కదా, ఆ అందరూ ఎవరు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అని ప్రభుత్వం చేయించేది ఒకటుంది. 2019 నుంచి 2021 దాకా చేసిన సర్వేలో, తాము స్వయంగా వాడుకునే మొబైలు ఫోను ఉన్నవాళ్లు, పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల స్త్రీలలో దేశం మొత్తం మీద నూటికి 54 మందే. ఇంట్లో ఫోనుండటం వేరు, తన ఫోనుండటం వేరు అన్న తేడా ఆ సర్వే చేసినవాళ్లకి తెలిసింది, సంతోషం. అందులోనూ దారి పటం చూపించే ఫోను ఇంకెంతమందికుంటుందో మీరే ఊహించుకోండి. ఫోనుండి నడిచి వెళ్లే ఆడమనిషయినా ఈ గీతల్లోకి రాదు. ఆ రంగులు అడిగే ప్రశ్న ఒకటే, బండి ఎంత జోరుగా వెళుతోంది? మీర్ ఆలం మండీలో కూరల సంచీ పట్టుకుని, రెండో చేత్తో పిల్లాడి చెయ్యి పట్టుకుని, ఆటోకీ స్కూటరుకీ మధ్య ఒదిగి నడిచే ఆమె ప్రయాణం ఈ పుస్తకంలో ఒక్క పంక్తి కూడా కాదు.

బస్సు సంగతీ చూడండి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్లకి టిక్కెట్టు లేదు. బస్సుల్లో ఆడవాళ్ల సందడి పెరిగింది. అంతకుముందు 2019లోనే గూగుల్ పటం పది నగరాల్లో బస్సు ఎంత ఆలస్యమవుతుందో చెప్పటం మొదలుపెట్టింది, హైదరాబాదు అందులో ఉంది. అయితే ఆ ఆలస్యాన్ని లెక్కకట్టింది బస్సుల టైంటేబులుని రోడ్డు మీది ట్రాఫిక్ వేగంతో కలిపి. బస్సుకి ఆగే గుణం ఉంది. ప్రతి స్టాపులోనూ ఒక ముసలమ్మ దిగుతుంది, ఒక చంటిబిడ్డ తల్లి ఎక్కుతుంది, కండక్టరమ్మ "లోపలికి జరగండమ్మా" అంటుంది. ఈ కథంతా సూత్రంలో ఇమడ్చటం అంత తేలికేమీ కాదు.

ఇది కేవలం లెక్కల్లో లోటయితే నేనింత బాధపడను. సిగ్నలు దీపం ఎంతసేపు వెలగాలో ఇలాంటి లెక్కలే సలహా చెబుతున్నాయని పైన చెప్పాను కదా. బండ్లు ఆగకుండా సాగిపోతే మంచి సిగ్నలు అని నిర్ణయం చేసుకుంటే, షాలిబండ రోడ్డు దాటడానికి కాలిబాట అంచున నిలబడిన ఆమె నిమిషాలు ఎవరి ఖాతాలో రాయాలి? ఫోను పంపని కబురు లెక్కలోకి రాదు. లెక్కలోకి రాని మనిషికోసం దీపం ఆగదు. ఒక రచనలో స్త్రీ పాత్ర సరిగా లేకపోతే మనం పత్రికకి ఉత్తరం రాస్తాం. ఈ రచనలో ఆమె లేకపోతే రోడ్డు మీద నిలబడి పోవలసివస్తుంది. రెండింటికీ అంత తేడా ఉంది.

అయితే ఒక మంచి మాట కూడా చెప్పాలి. ఈ రచన తప్పులు దిద్దుకుంటుంది. 2017 డిసెంబరులో మన దేశంకోసమే ముందుగా ద్విచక్ర వాహనాలకి వేరే దారి చూపటం మొదలుపెట్టింది. 2018లో తెలుగులో దారి చెప్పటం నేర్చుకుంది. 2021లో దుకాణాల్లాంటి చోట్ల పేర్లు తెలుగు అక్షరాల్లోకి వచ్చాయి. 2024 జూలైలో, నాలుగు చక్రాల బండి ఇరుకు సందుల్లోకి వెళ్లకుండా తప్పించే ఏర్పాటు ఎనిమిది నగరాల్లో పెడుతున్నామన్నారు. వాటిలోనూ హైదరాబాదుంది. ఉపగ్రహం తీసిన ఫొటోలూ, ఇళ్లకీ ఇళ్లకీ మధ్య దూరమూ చూసి రోడ్డు వెడల్పు అంచనా కడతారట. మన్ గారు నూరేళ్ల క్రితం గొలుసులు పట్టి కొలిపించిన పనికి ఇన్నాళ్లకి ఆకాశం నుంచి తిరిగొచ్చారన్నమాట! ముందు వేళ మాత్రమే తెలిసిన పటం మెల్లిగా గోడల సంగతి కూడా తెలుసుకుంటోంది. విమర్శకి చెవి ఒగ్గే రచయిత ఎప్పటికైనా బాగుపడతాడు.

మూడో దోషం మామూలు పుస్తకాలకి ఉండనిది. నవలలో ఒక వీధిని వర్ణిస్తే ఆ వీధి మారదు. ఈ పటం ఒక వీధిని "ఖాళీగా ఉంది" అని రాసిందంటే, అరగంటలో అది ఖాళీగా ఉండదు. చదివినవాళ్లంతా అటే తిరుగుతారు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో లియోనియా అనే చిన్న ఊరుంది. పెద్ద వంతెన మీద రద్దీ అయినప్పుడల్లా ఈ దారి పటాలు బండ్లన్నిటినీ తమ ఇళ్ల మధ్య నుంచి తోలుతున్నాయని విసిగిపోయి, 2018 జనవరిలో అరవై వీధుల్ని రద్దీ వేళల్లో పై ఊళ్లవాళ్లకి మూసేశారు. వాళ్ల వీధులకి అటూ ఇటూ తోటలూ, కాలిబాటలూ ఉంటాయి. మరి మన పాతబస్తీ గల్లీ మాటేమిటి? అక్కడ వీధి అంటే ఇంటికి ముందు గదే. వడియాలూ బట్టలూ అక్కడే ఆరతాయి, పిల్లలు అక్కడే క్రికెట్టు ఆడతారు, సాయంత్రం గడప మీద కూర్చుని ఆడవాళ్లు బియ్యం ఏరుతూ మాట్లాడుకునేదీ అక్కడే. చార్మినారు దగ్గర పండగ ఆంక్షలు పెట్టిన రోజున ఆ గదిలోంచి వరసగా స్కూటర్లు హారను కొట్టుకుంటూ వెళితే, పటం లెక్కలో ప్రయాణికుడికి ఆరు నిమిషాలు కలిసొచ్చాయి. ఆ గల్లీలో వాళ్లు ఏం పోగొట్టుకున్నారో రాసేందుకు పటంలో గడి లేదు.

ఇక్కడ పాఠకుల తప్పు కూడా లేకపోలేదు. పుస్తకంలో ఉన్నదంతా నిజమని నమ్మేవాళ్లని చూసి నవ్వుతాం గాని, ఈ పుస్తకం దగ్గరికొచ్చేసరికి అందరం అలాంటివాళ్లమే. 2024 మే నెలలో మన హైదరాబాదు నుంచి వెళ్లిన నలుగురు యాత్రికులు కేరళలో కొట్టాయం జిల్లాలో వానల రాత్రి ఫోను చూపిన దారినే పోయి కారుతో సహా వాగులోకి వెళ్లారు. అదృష్టం బాగుండి ప్రాణాలతో బయటపడ్డారు. అదే ఏడు నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో బరేలీ దగ్గర, వరదకి కొంత కొట్టుకుపోయిన వంతెన మీద నుంచి కారు కింద పడి ముగ్గురు చనిపోయారు. వాళ్లు ఫోను చూపిన దారినే వచ్చారని పోలీసులు చెప్పారు. దారికి అడ్డంగా ఏదీ పెట్టని అధికారుల బాధ్యత దాంట్లో పెద్దదే. అయినా కళ్ల ముందు చీకటి ఉండగా చేతిలో వెలుతురుని నమ్మటం ఎంత సహజమో, ఎంత ప్రమాదమో ఆ రెండు సంఘటనలూ చెబుతున్నాయి.

చివరిగా చెప్పబోయేది దోషమో గుణమో మీరే తేల్చండి. 2009లో ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు గూగుల్ ఒక హామీ ఇచ్చింది. ట్రాఫిక్ లెక్కకోసం పంపే కబుర్లలో మనిషి పేరు ఉండదనీ, ప్రతి ప్రయాణం ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది అన్న ముక్కల్ని శాశ్వతంగా చెరిపేస్తామనీ. నవలలు రాసే మనిషిగా ఇది చదివి ఉలిక్కిపడ్డాను. మాకు కావలసిందే ఆ రెండూ! ఆమె ఏ ఇంట్లోంచి బయల్దేరింది, ఏ గుమ్మం ముందు ఆగింది అన్నదే కథ. మధ్యలో రోడ్డు ఎవరిక్కావాలి? ఈ పటం కథ మొదలూ చివరా చింపేసి, మధ్య పేజీలు మాత్రం దాచుకుంటోంది. ఇంత విడ్డూరమైన సాహిత్య సిద్ధాంతం ఇంకెక్కడా చూడలేదు.

కానీ స్త్రీగా ఆలోచిస్తే, ఆ చింపెయ్యటమే ఈ రచనలో అన్నిటికన్నా సంస్కారవంతమైన పని అనిపిస్తుంది. ఎక్కడికెళ్లావు, ఎందుకెళ్లావు, ఎంతసేపున్నావు అన్న ప్రశ్నలు తరతరాలుగా వింటూ పెరిగినవాళ్లం మనం. డాక్టరు దగ్గరికో, లాయరు దగ్గరికో, పుట్టింటికో, ఎవరికీ చెప్పకుండా ఒక గంట ఒంటరిగా కూర్చోడానికి ఏ తోటకో వెళ్లే హక్కు మనకి ఈమధ్యే కొంచెం కొంచెంగా చేతికొస్తోంది. ఇదే ఫోనులో, ట్రాఫిక్ లెక్కతో సంబంధం లేకుండా, మన రాకపోకలన్నీ రాసిపెట్టుకునే ఏర్పాటు ఒకటుంది. మనమున్న చోటు ఇంకొకరికి ఎప్పటికప్పుడు చూపించే ఏర్పాటూ ఉంది. హాస్టల్లో ఉన్న కూతురు రాత్రి బండెక్కి, "అమ్మా, చూస్తూండు" అని తనంతట తాను చూపిస్తే అది ధైర్యం. మొగుడు భార్య ఫోనులో ఆమెకి చెప్పకుండా పెడితే దానికింకో పేరుంది. యంత్రం ఒకటే, వాడే చెయ్యి వేరు.

ఈ భయం ఊహ కాదు. 2011లో నెదర్లాండ్స్‌లో పోలీసులు టామ్‌టామ్ పరికరాలు పోగుచేసిన లెక్కలు వాడుకుని, వేగంగా వెళ్లేవాళ్లని పట్టుకునే కెమెరాలు ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకున్నారు. పేర్లు లేని లెక్కలే అవి. అయినా డబ్బిచ్చి ఆ పరికరం కొన్నవాళ్లు మండిపడితే కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. రోడ్డు మేలుకోసమని ఇచ్చిన కబురు వేరేచోట తేలింది. మన దేశంలో 2024 జూలైలో సుప్రీంకోర్టు, బెయిలు మీద విడుదలైన మనిషి గూగుల్ పటంలో తానున్న చోటు పోలీసులకి ఎప్పుడూ కనబడేట్టు పెట్టాలన్న షరతు చెల్లదని తీర్పు చెప్పింది. నేరం మోపబడిన మనిషికే ఆ మర్యాద ఉన్నప్పుడు, ఇంటి ఇల్లాలికి ఉండొద్దూ?

మొత్తం మీద నా తీర్పు ఇది. వస్తువు గొప్పది, శ్రమ గొప్పది, దృష్టి ఇంకా ఇరుకు. నిదానంలో ఉన్న అందాన్నీ, అవసరాన్నీ చూడలేకపోవటం దీని లోపం. తనకి కబురు పంపినవాళ్లే లోకమనుకోవటం అంతకన్నా పెద్ద లోపం. మొదలూ చివరా చెరిపేస్తానన్న మాట నిలబెట్టుకున్నంతకాలం దీన్ని ఇంట్లోకి రానివ్వచ్చు. ఆ మాట నిలబడుతోందా లేదా అని అడుగుతూండటం మాత్రం మన పని. ఇంటి తాళంచెవి పొరుగింట్లో ఇచ్చి ఊరెళ్లినా, తిరిగొచ్చాక ఒకసారి అన్నీ చూసుకుంటాం కదా.

మీరీసారి పాతబస్తీకి వెళ్లినప్పుడు ఒక పని చెయ్యండి. పటం చూసుకోండి, వద్దనను. గుల్జార్ హౌజ్ దాటాక మాత్రం ఒకసారి దాన్ని సంచిలో వేసి, "భయ్యా, హరిబౌలి ఎటు?" అని అడగండి. టీ కొట్టు ముందు కూర్చున్న పెద్దాయన ఒకరు దారి చెబుతారు. పక్కనున్న ఇంకొకరు అది దూరమని ఇంకో దారి చెబుతారు. ఇద్దరూ వాదించుకుంటారు. బౌలి అంటే బావి అనీ, ఆ బావి వల్లే ఆ పేరనీ మూడో ఆయన చెబుతాడు. ఎవరింటికి, ఏం పని అని లోపల్నించి ఒకావిడ తొంగిచూసి అడుగుతుంది. చెప్పాలనిపిస్తే చెప్పండి, లేకపోతే నవ్వి ఊరుకోండి. ఆవిడేమీ అనుకోదు. ఈలోగా మీరు అయిదు నిమిషాలు ఆలస్యమవుతారు. పటంలో ఆ వీధి మరికాస్త ఎర్రబడితే పడనివ్వండి.